వంకాయరంగు సైకిలు

మొన్న గురజాలలో ఒక సంతాపసభకు వెళ్ళాను. పోయినాయన ఒకప్పుడు నాతో కలిసి హైస్కూల్లో పనిచేసిన డ్రిల్లు మాస్టారు. మాట్లాడినవాళ్ళంతా ఆయన క్రమశిక్షణకు మారుపేరన్నారు. అజాతశత్రువన్నారు. ఒకాయన ఏకంగా ఋషి అన్నాడు. సంతాపసభల మీద నాకు మొదటినుంచీ ఉన్న కోపం ఇదే. బతికున్న మనిషిని సరిగ్గా చూడరు, పోయిన మనిషిని చూడకుండానే పొగుడుతారు. క్రమశిక్షణకు మారుపేరైనవాడు అన్నం వార్చే చిల్లులగిన్నెను నెత్తిన బోర్లించుకుని, వంకాయరంగు చొక్కా తొడుక్కుని, వంకాయరంగు సైకిలెక్కి, లారీ హారను మోగించుకుంటూ పట్టపగలు ఊళ్ళ మీద పోతాడా? ఆయన పోయేవాడు. బడి ఉన్న ప్రతిరోజూ పోయేవాడు. సభలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.

కాబట్టి నేను ఎత్తుతున్నాను.

ఎనభైల నాటి సంగతి. అప్పట్లో మా పల్నాడు పల్లెల్లో ఊరికి రెండు పార్టీలు. పార్టీ అంటే సిద్ధాంతమనుకునేరు. ఎవరి పొలానికి నీళ్ళు ముందు పారాయి, ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదు అన్న తగాదాలకు పెట్టుకున్న పేరది. తగాదాలకు గొడ్డళ్ళు తోడయ్యాయి, గొడ్డళ్ళకు నాటుబాంబులు తోడయ్యాయి. దీన్నంతా పౌరుషమని చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు మావాళ్ళు. పక్కింటివాడి చెయ్యి నరకడంలో పౌరుషమేముందో చెప్పండని నేను వేదికలెక్కి అడిగేవాణ్ణి. చెప్పినవాడు లేడు. చప్పట్లు మాత్రం గట్టిగా పడేవి. రెండు పార్టీలవాళ్ళూ కొట్టేవాళ్ళు, నేను ఎదుటివాళ్ళనే తిడుతున్నానన్న నమ్మకంతో.

మా హైస్కూలున్న ఊరికీ గురజాలకూ మధ్య రోడ్డు మీద, మా బడికి దగ్గర్లోనే, ఒక ఊరుంది. దాని పేరు రాయను. ఇప్పుడు అక్కడి మనుషులు బాగానే ఉన్నారు. ఆ రోజుల్లో మాత్రం తూర్పు బజారు ఒక పార్టీది, పడమటి బజారు ఇంకో పార్టీది. ఊరి ఈ కొసన ఒక టీ హోటలు, ఆ కొసన ఒక టీ హోటలు. దారినపోయేవాడు ఏ హోటలు ముందు సైకిలు దిగితే ఆ పార్టీవాడని అర్థం. టీ బాగుంటుందని దిగానంటే నమ్మేవాళ్ళు లేరు.

డ్రిల్లు మాస్టారి కాపురం గురజాలలో. రోజూ పొద్దున ఆ ఊరి మీదుగా బడికి రావాలి, బడి వదిలాక ఆ ఊరి మీదుగానే ఇంటికి పోవాలి. ఒకరోజు విత్తనాలమ్ముకునే మనిషొకాయన ఆ ఊళ్ళో సైకిలు మీద పోతుంటే, వెనకనుంచి చూడ్డానికి ఫలానావాడిలా ఉన్నాడని కొట్టి చెయ్యి విరగ్గొట్టారు. తర్వాత వెల్లకిలా తిప్పి చూశారు. ఫలానావాడు కాదు. అయ్యో అనుకుని, కొట్టినవాళ్ళే జీపులో వేసి ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలో సోడా కూడా తాగించారట.

ఈ కబురు విన్నాక డ్రిల్లు మాస్టారు కొన్నాళ్ళు రోడ్డున పోయే ప్రతి సైకిలువాణ్ణీ వెనకనుంచి చూస్తూ నిలబడేవాడు. తర్వాత ఒకరోజు స్టాఫురూములో నా పక్కన కూర్చుని, చాలా తేలిగ్గా అన్నాడు.

"ఈ గడ్డ మీద ఎవుడూ చేసినదానికి చావడు మాస్టారూ. ఇంకోడిలాగా ఉన్నందుకు చస్తాడు."

అక్కడినుంచి మొదలైంది. ఆత్మరక్షణ అంటే కర్ర తిప్పడం కాదు, గుద్దడం కాదు, ఎవరినీ పోలకుండా ఉండటం. ఇదీ ఆయన శాస్త్రం. వెనకనుంచి చూసినా, దూరంనుంచి చూసినా, ఎండ కళ్ళలో పడుతున్నప్పుడు చూసినా, వీడు వీడేనని తెలియాలి. నల్ల సైకిలు, తెల్ల చొక్కా, నెత్తిన తువ్వాలు అనే మూడూ ఉన్నవాడు పల్నాడులో బతికి ఉండటం కేవలం కాకతాళీయమని ఆయన వాదన. నేను హేతువాదిని. ఆ వాదనలో లోపం వెతికాను. దొరకలేదు.

రంగు దగ్గర చిక్కొచ్చింది. పసుపు వేస్తే ఒక పార్టీ. ఎరుపు వేస్తే ఇంకో పార్టీ. ఆకుపచ్చలో ఒక అర్థం, కాషాయంలో ఒక అర్థం. అసలు సైకిలే ఎన్నికల గుర్తయిపోయిన రోజులవి, తొక్కడమే ప్రచారం కింద లెక్క. మాస్టారు పెయింటు షాపులో ఒక పూటంతా కూర్చుని చివరికి వంకాయరంగు పట్టుకొచ్చాడు. వంకాయరంగుకు అప్పటికి ఏ పార్టీ లేదు. సైకిలు, చక్రాలు, పంపు, గాలిమూత వరకూ పూశాడు. అదే రంగు గుడ్డ తెచ్చి చొక్కా కుట్టించాడు. నెత్తిన చిల్లులగిన్నె, లోపల దూది, గడ్డం కింద నాడా. కళ్ళకు వెల్డింగు షాపువాళ్ళు పెట్టుకునే నల్లద్దాలు. ముక్కుకు అడ్డంగా జేబురుమాలు. హ్యాండిలుకు పాత లారీది రబ్బరు బుడ్డి హారను. చప్పుడు చెయ్యకుండా వచ్చేవాణ్ణే జనం అనుమానిస్తారు, మోగించుకుంటూ వచ్చేవాడు ఎవరినీ చంపడానికి రాడు అనేవాడు.

హ్యాండిలుకు నిమ్మకాయా మిరపకాయలూ కూడా కట్టాడు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. తాయెత్తులకూ దిష్టిబొమ్మలకూ వ్యతిరేకంగా ఊరూరా తిరిగేవాణ్ణి నేను. నా సాటి ఉపాధ్యాయుడు సైకిలుకు దిష్టికాయ కట్టుకుంటాడా అని స్టాఫురూములోనే నిలదీశాను. ఆయన గిన్నె తుడుచుకుంటూ విన్నాడు. దాని మీద తనకేం నమ్మకం లేదని, ఎదుటివాడికున్న నమ్మకమే తనకు కావాలని, దిష్టికి భయపడేవాణ్ణి చూసి ఎవరూ భయపడరని చెప్పాడు. మూఢనమ్మకాన్ని ఇంత హేతుబద్ధంగా వాడుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ వాదన ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మా చర్చావేదిక తరఫున గురజాల గ్రంథాలయంలో ఆయన చేత ఒక ఉపన్యాసం కూడా ఇప్పించాను. నేనే అధ్యక్షుణ్ణి. ఆయన సైకిలుతో సహా వేదికెక్కాడు. ఆపదలో ఆఖరి ఆయుధంగా సైకిలు పంపులో కారం నింపుకోవాలని చెప్పి, ఎలా కొట్టాలో చూపించబోయాడు. పంకా గాలిని లెక్కలోకి తీసుకోలేదు. ముందు వరసలో కూర్చున్న లాయరుగారు, వందన సమర్పణ చెయ్యాల్సిన కార్యదర్శి, అధ్యక్షుడైన నేను కళ్ళు మూసుకుని గోడలు తడుముకుంటూ బయటపడ్డాం. నల్లద్దాలూ జేబురుమాలూ ఉన్న వక్త మాత్రం నిమ్మళంగా ఉపన్యాసం పూర్తిచేశాడు. అందుకే ఇవి పెట్టుకోమంటున్నానని ముగింపులో అన్నాడట. నేను వినలేదు, బయట కుళాయి కింద తల పెట్టి ఉన్నాను.

నవ్వులాట అలా ఉంచి, ఆయన పద్ధతి పనిచేసింది. రెండు బజార్లవాళ్ళూ ఆయన్ని చూసి నవ్వారు. నవ్వించినవాణ్ణి కొట్టడం మనుషులకు కష్టం. తూర్పు హోటలు ముందు దిగి అర కప్పు, పడమటి హోటలు ముందు దిగి అర కప్పు. రెండూ కలిస్తే ఒక కప్పు, ఏ పార్టీకీ చెందని కప్పు. జేబురుమాలు కొంచెం ఎత్తి ఆ సందులోంచి తాగేవాడు. అద్దాలు తియ్యడు, గిన్నె తియ్యడు. కొన్నాళ్ళకు ఆ ఊళ్ళో ఆయన హారను విని పొద్దు చూసుకునేవాళ్ళు. గొడవలు మొదలయ్యాక ఆ ఊరి పిల్లలు మా బడికి రావడం మానేశారు, గిన్నె పెట్టకముందు ఆయన్ని ఎవరూ పట్టించుకున్నదీ లేదు. ఆయన ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఆ ఊళ్ళో ఒక్కడికీ తెలియదు.

ఆ సంగతి ఎంత ప్రమాదమో మాకు ఒంటిపూట బడుల కాలంలో తెలిసొచ్చింది.

మా బడి ఊళ్ళో ఒక యువకుడుండేవాడు. మాస్టారి దగ్గర వాలీబాలు ఆడి, పదో తరగతి అయ్యాక వ్యవసాయంలో పడ్డాడు. వాళ్ళన్న ఏదో కొట్లాటలో ఉంటే, తమ్ముడు కాబట్టి ఇతని పేరు కూడా కేసులో రాయించారు. కండిషను బెయిలు మీద వదిలారు. ప్రతి సోమవారం పొద్దు వాలేలోగా గురజాల పోలీసుస్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాలి. పెట్టకపోతే బెయిలు రద్దు, మళ్ళీ జైలు. పెట్టడానికి పోవాలంటే మధ్యలో ఆ ఊరు దాటాలి. పడమటి బజారువాళ్ళు వాళ్ళన్న పార్టీకి బద్ధశత్రువులు. ఈసారి సోమవారం ఇతన్ని దాటనిచ్చేది లేదని కబురు కూడా పంపారు. బస్సులు ఆపి, ఎక్కి, సీటు సీటూ చూస్తున్నారు. చట్టం వారానికొకసారి ఒక మనిషిని శత్రువుల వీధిలోంచి నడిపించి, నువ్వు బుద్ధిగా ఉన్నావా అని అడుగుతుంది. ఇలాంటి ఏర్పాటు చేసిన బుర్ర ఎవరిదో నాకు చూడాలని ఉండేది.

ఆ సోమవారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు అతను స్టాఫురూము గుమ్మంలో నిలబడ్డాడు. పోకపోతే జైలు, పోతే చావు, ఏది మంచిదో చెప్పండి సార్ అని అడిగాడు. ఏడవలేదు. వాలీబాలు కోర్టులో సర్వీసు ఎవరిదని అడిగినట్టు అడిగాడు.

డ్రిల్లు మాస్టారు అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. ఎత్తు ఒకటే. తన చొక్కా, నల్లద్దాలు, జేబురుమాలు అతనికిచ్చి, గిన్నె తీసి అతని నెత్తిన పెట్టి నాడా కట్టాడు. సరిపోయింది.

"దారిలో ఎవురితో మాట్లాడమాక. హారను కొడతా పో" అన్నాడు. అంతే.

వంకాయరంగు సైకిలు మలుపు తిరిగిపోయాక మాస్టారు నా తెల్లచొక్కా ఒకటి అడిగి తొడుక్కున్నాడు. నడిచి ఇంటికి పోవాలి. ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ బయల్దేరాను. ఎండ మాడిపోతోంది. దారిపొడుగునా ఆయన చొక్కా వంకే చూసుకుంటున్నాడు.

"ఈ చొక్కాలో నేను ఎవురిలాగున్నా మాస్టారూ?"

"ఎవరిలానూ లేరు."

"కాదు. అందరిలాగా ఉన్నా. అదే భయం."

ఊరు దగ్గరపడుతుంటే ఆయనకు ఇంకో భయం పట్టుకుంది. అర కప్పు సంగతి అతనికి చెప్పడం మర్చిపోయాడు. తూర్పు హోటలు దగ్గర వాకబు చేశాం. మాస్టారు ఆగకుండా పోయాడని, ఏదో తొందర పనేమోనని హోటలాయన అన్నాడు. నడక వేగం పెంచాం. పడమటి హోటలు దగ్గర అంతా మామూలుగా ఉంది. రోడ్డు పక్కన జీపు. నులకమంచం మీద కాపలా నాయకుడు, చుట్టూ గొడ్డళ్ళు పట్టుకున్న కుర్రాళ్ళు. ఎవరి మీదా నెత్తురు లేదు. అంటే అతను దాటిపోయాడు. మాస్టారికి ఆ సంతోషంలో ఒళ్ళు తెలియలేదు. అలవాటైన చోట ఆగి, అలవాటైన గొంతుతో, అర కప్పు పొయ్యమన్నాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు హోటలాయన.

"నేనేనయ్యా. డ్రిల్లు మాస్టార్ని."

మంచం మీది మనిషి లేచి కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు ఇప్పుడే సైకిలు మీద పోయాడని, తన కళ్ళతో చూశానని, టీ తాగకుండా పోయాడని మనసు కష్టపెట్టుకున్నానని కూడా చెప్పాడు. "మరి ఈడెవుడు?" అన్నాడు.

పరిస్థితి ఏమిటో నాకు మెల్లగా అర్థమైంది. ఈయన డ్రిల్లు మాస్టారని రుజువైతే, సైకిలు మీద పోయినవాడు డ్రిల్లు మాస్టారు కాదని రుజువవుతుంది. జీపు తీస్తే గురజాల చేరకముందే సైకిలు దొరుకుతుంది. రుజువు కాకపోతే, అబద్ధపు పేరు చెప్పి చొరబడిన తెల్లచొక్కా మనిషి ఒకడు ఇక్కడ గొడ్డళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. డ్రిల్లు మాస్టారికీ అర్థమైనట్టుంది. నోరు మూసుకున్నాడు.

నాయకుడు నావైపు తిరిగాడు. నన్ను అందరూ ఎరుగుదురు.

"ఏంది సైన్సు మాస్టారూ. నువ్వు దేవుడి ముందు కూడా అబద్ధమాడవంటగా. చెప్పు. ఈయన డ్రిల్లు మాస్టారా, కాదా?"

దేవుడు లేడు కాబట్టి ఆయన ముందు ఆడే అవకాశం నాకు రాలేదు. కానీ వేదిక మీద నేను ఏనాడూ అబద్ధమాడలేదు. ఆ రోజూ ఆడలేదు.

"ఆధారం లేనిదే నేను దేన్నీ ఒప్పుకోను. ఆధారం ఏముంది?" అన్నాను.

ఇక మొదలుపెట్టాను. కంటితో చూసిందంతా నిజం కాదన్నాను. సూర్యుడు తిరుగుతున్నట్టు కనిపిస్తాడు, తిరుగుతున్నాడా అన్నాను. గొంతు మాత్రం అదేనని హోటలాయన మధ్యలో అడ్డొస్తే, గొంతు అనుకరించవచ్చని, బుర్రకథ చెప్పేవాళ్ళను చూడలేదా అని అడిగాను. ఆయన ముఖం ఎవరైనా చూశారా అన్నాను. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ చూడలేదు. అప్పుడొక కుర్రాడు, గిన్నె ఎవరి నెత్తిన ఉంటే వాడే డ్రిల్లు మాస్టారని తేల్చేశాడు. మిగతావాళ్ళు సరేనన్నారు. ఆ తర్కంలో ఎన్ని తప్పులున్నాయో నాకు కనబడుతూనే ఉన్నాయి. ఆ పూట దిద్దబుద్ధి కాలేదు. సైకిలు ఎంతదూరం పోయి ఉంటుందో మనసులో తొక్కుకుంటూ, భూమి గుండ్రంగా ఉందనడానికి ఆధారాల్లోకి దిగాను. నా జీవితంలో అంత శ్రద్ధగా నన్ను విన్న సభ ఇంకొకటి లేదు.

నాయకుడికి మాత్రం తృప్తి కలగలేదు. తాను ఎనిమిదో తరగతి దాకా మా బడిలోనే చదివానని, డ్రిల్లంటే ఏమిటో తనకు తెలుసని, అది పాత మాస్టారి కాలమని చెప్పాడు. "డ్రిల్లు చేయించమనండి. ఇప్పుడే తేలిపోద్ది."

కుర్రాళ్ళు రోడ్డు మీద వరసగా నిలబడ్డారు. గొడ్డళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక భుజాలకెత్తుకున్నారు.

పంద్రాగస్టు కవాతులో ఒక పిల్లవాడి బొటనవేలు పక్కకు జరిగితే ఆ రాత్రి అన్నం సయించని మనిషి ఆయన. ఆ మనిషి ఆ రోజు ఎదురుగా నిలబడి, వణుకు గొంతు తెచ్చిపెట్టుకుని కుడికి తిరగమనాల్సిన చోట ఎడమకు తిరగమన్నాడు. నడవండని చెప్పి ఆగమనడం మర్చిపోయాడు. కుర్రాళ్ళు ఒకరినొకరు గుద్దుకున్నారు, గొడ్డళ్ళు టంగుటంగుమన్నాయి, ఒకడు మురుక్కాలవలో కాలేశాడు. తప్పు ఆజ్ఞ ఇచ్చిన ప్రతిసారీ ఆయన దవడ బిగుసుకోవడం నేను చూస్తున్నాను. ప్రాణం పోతుందన్న భయం ఆ ముఖంలో నాకు కనబడలేదు. తను అంత చెడ్డగా డ్రిల్లు చేయిస్తుండగా ఎవరైనా చూస్తున్నారే అన్న బాధ కనబడింది.

కుర్రాళ్ళు పకపకా నవ్వుతున్నారు. నాయకుడు నవ్వలేదు. మంచం దిగొచ్చి, మాస్టారికి మూరెడు దూరంలో నిలబడ్డాడు.

"నాకొక్కడికి చెప్పు" అన్నాడు.

మాస్టారు నోరు తెరిచాడు. చెడగొట్టాలనే తెరిచాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఎదురుగా వంకరగా నిలబడిన మనిషిని చూశాక ఆ గొంతు ఆయన మాట వినలేదు.

"సావధాన్‌."

హోటల్లో గ్లాసులు కదిలినట్టనిపించింది. నాయకుడి మడమలు రెండూ టప్పున కలిశాయి. చేతులు పక్కలకు వచ్చాయి, ఛాతీ ముందుకొచ్చింది, చూపు నిటారుగా నిలిచింది. ఇదంతా తనకు తెలియకుండానే జరిగిపోయింది.

తర్వాత కాళ్ళు దూరం జరపమని ఇవ్వాల్సిన విశ్రామ్‌ మాస్టారు ఇవ్వలేదు. ఆ ఇద్దరూ అలాగే ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తూ నిలబడ్డారు. రోడ్డు మీద గాలి కూడా లేదు. నేను జీపు వైపు చూశాను.

చాలాసేపటికి నాయకుడు తనంతట తనే కాళ్ళు కదిపి, వెనక్కి తిరిగి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"దొంగోడు. మాస్టారు ఇట్టా ఉండడు. పోనీండి ఈణ్ణి" అన్నాడు కుర్రాళ్ళతో. తర్వాత మాస్టారి వంక చూడకుండా, "ఇంకోసారి మంచోళ్ళ పేరు చెప్పుకోని టీ తాగమాక" అన్నాడు.

గురజాల దాకా ఆగకుండా నడిచాం. పోలీసుస్టేషను ప్రహరీకి వంకాయరంగు సైకిలు ఆనించి ఉంది. హ్యాండిలుకు గిన్నె వేలాడుతోంది. సంతకం పెట్టి పోయాడని సెంట్రీ చెప్పాడు. అతను తర్వాత షరతు వేరే స్టేషనుకు మార్పించుకున్నాడు. ఎక్కడున్నాడో రాయను. మనవలను ఎత్తుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే మాస్టారు సైకిలుకు నల్లరంగు వేయించాడు. ఇక ఆ రంగులో కనబడితే తనను తను పోలి ఉన్న నేరానికి చస్తానన్నాడు. పడమటి బజారులో తేలిన లెక్క ప్రకారం అసలు మాస్టారు ఆ రోజు సైకిలెక్కి ఎటో బదిలీ మీద పోయాడు. మిగిలింది దొంగ మాస్టారు. నిజంగా బదిలీ అయ్యేదాకా ఆయన ఆ ఊరి మీదుగా దొంగ మాస్టారుగానే తిరిగాడు. దాటిపోయినవాడి కోసం ఆ పేరు మోయక తప్పదు. పడమటి హోటలాయన అర కప్పు పోస్తూ, అసలాయన ఎంత మంచివాడో, ఎంత ఠీవిగా హారను కొట్టేవాడో, ఈ రోజుల్లో అలాంటివాళ్ళు లేరని రోజూ చెప్పేవాడట. బతికుండగా తన సంతాపసభ తను విన్న అదృష్టవంతుణ్ణి నేనొక్కణ్ణేనని మాస్టారు నాతో అనేవాడు.

అందుకే మొన్నటి సభలో ఋషి అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. చివర్లో ఒక నిమిషం మౌనం పాటిద్దామని లేపారు. మనవాళ్ళు మౌనం ఎలా పాటిస్తారో తెలుసు కదా. ఒకడు కుర్చీ పట్టుకుని, ఒకడు గోడకానుకుని, ఒకడు చెప్పులు వెతుక్కుంటూ. వెనక వరసలో మాత్రం బాగా వంగిపోయిన ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. నడుము వంగే ఉంది. మడమలు కలిసి ఉన్నాయి. చేతులు పక్కలకు ఉన్నాయి. బొటనవేళ్ళు పంచెకు, నిక్కరు కుట్టు ఉండాల్సిన చోట, ఆని ఉన్నాయి.

కూర్చోండన్నారు. అందరూ కూర్చున్నారు. ఆయన కూర్చోలేదు.

జనం కదిలాక ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పుడు గుర్తుపట్టాను, పడమటి హోటలు ముందు నులకమంచం మీది మనిషిని.

"ఆ రోజు నీకు తెలిసిపోయిందా?" అని అడిగాను.

కళ్ళు తిప్పకుండా, కాళ్ళు కదపకుండా, ఎదురుగా ఉన్న ఫొటోనే చూస్తూ చెప్పాడు.

"ఆధారం ఏముంది మాస్టారూ."

నేను సైన్సు చెప్పినవాణ్ణి. డ్రిల్లు నా సబ్జెక్టు కాదు, గొంతూ అంతంతమాత్రం. అయినా చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"విశ్రామ్‌" అన్నాను.

ఆయన కాళ్ళు దూరం జరిగాయి.